ఈ-రీడర్ కొనేముందు స్కేలు తీయండి: తెలుగు చదివేవాళ్లకు సైజు, రిజల్యూషన్, లైటు

రెండేళ్ల కిందట మా నాన్నగారికి ఆరు అంగుళాల ఈ-రీడర్, అంటే పుస్తకాలు చదవడానికే చేసిన పరికరం, కొనిచ్చాను. చేతిలో తేలిగ్గా ఉంది, స్క్రీన్ 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), లైటు ఉంది, రేటు కూడా మరీ ఎక్కువ కాదు. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆయన రిటైరైన దగ్గర్నుంచి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్న పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు దింపుకుని కంప్యూటర్ ముందు కూర్చుని చదువుతుంటారు. మెడ నొప్పి అంటున్నారు కదా, పడక్కుర్చీలో కూర్చుని చదువుకుంటారని నా ఆశ. వారం రోజులు ఓపిక పట్టి, ఎనిమిదో రోజు నాకు ఫోన్ చేశారు. "ఒరేయ్, అక్షరాలు నువ్వుగింజల్లా ఉన్నాయిరా, ఏరుకోవాల్సి వస్తోంది" అన్నారు. అప్పట్నుంచి ఆ రీడర్ అలమరలో పంచాంగం పక్కన ఉంది.

అందులో ఏ లోపమూ లేదు. నేనే ఇంగ్లీషు రివ్యూలు చదివి కొన్నాను, అదీ పొరపాటు. ఇంగ్లీషు నవలలు చదివేవాళ్లకు పుస్తకం ఈపబ్ రూపంలో వస్తుంది. స్క్రీన్ చిన్నదైనా అక్షరం పెద్దది చేసుకుంటే లైన్లు వాటంతట అవే సర్దుకుంటాయి. కాబట్టి వాళ్లు సైజు సంగతి పెద్దగా పట్టించుకోకుండా లైటు గురించి, బ్యాటరీ గురించి, పేజీ తిప్పే బటన్ల గురించి మాట్లాడుకుంటారు. మన పరిస్థితి వేరు. 2016 చివర్లో అమెజాన్ వాళ్ల ఈ-రీడర్ కిండిల్ స్టోర్‌లో భారతీయ భాషలు పెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, ఆ ఐదింటిలో తెలుగు లేదు. తెలుగు వికీసోర్స్ నుంచి కొన్ని పుస్తకాలు ఈపబ్‌గా దించుకోవచ్చు, అది మంచి సంగతే. అయినా తెలుగులో పాత పుస్తకం ఏది కావాలన్నా చివరికి దొరికేది స్కాన్ చేసిన పీడీఎఫ్. అంటే పేజీ ఫొటో. ఫొటోలో అక్షరం సైజు మారదు, పేజీని మొత్తంగా జూమ్ చేయాల్సిందే.

అందుకే నా సలహా వరస కొంచెం వేరుగా ఉంటుంది. ముందు మీరు చదివే ఫైళ్లు ఏ రకమో చూసుకోండి, తర్వాత సైజు, ఆ తర్వాతే మిగతావి.

సైజు: లెక్క వేసి చూద్దాం

స్క్రీన్ సైజు అని కంపెనీలు చెప్పేది ఐమూల కొలత. అది వింటే 6కీ 7కీ తేడా ఒక్క అంగుళమేగా అనిపిస్తుంది. ఈ-రీడర్ల స్క్రీన్ పొడవు వెడల్పులు సాధారణంగా 4:3 పాళ్లలో ఉంటాయి. ఆ లెక్కన 6 అంగుళాల స్క్రీన్ అంటే 3.6 వెడల్పు, 4.8 ఎత్తు. 7 అంగుళాలది 4.2 వెడల్పు, 5.6 ఎత్తు. విస్తీర్ణంలో చూస్తే మూడో వంతు కంటే ఎక్కువే పెరిగింది. 7.8 అంగుళాలది దాదాపు 4.7 వెడల్పు, 6.2 ఎత్తు. 10.3 అంగుళాలకు వచ్చేసరికి 6.2 వెడల్పు, 8.2 ఎత్తు, అంటే ఆరంగుళాల స్క్రీన్లు మూడు అతికించినంత.

ఇప్పుడు పుస్తకం సంగతి. మన నవలలు, కథల పుస్తకాలు చాలావరకు డెమీ 1/8 సైజులో వస్తాయి, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. నాన్నగారి ఫోన్ వచ్చాక నేను ఒక పుస్తకం తీసి, స్కేలు పెట్టి అచ్చు ఉన్న భాగాన్ని కొలిచాను. వెడల్పు 4 అంగుళాలు, ఎత్తు ఆరుముప్పావు. ఆ కొలత ముందే తీసి ఉంటే డబ్బులు మిగిలేవి.

ఎందుకంటే ఆ పేజీని మార్జిన్లతో సహా 6 అంగుళాల స్క్రీన్‌లో ఇమిడిస్తే, అక్షరం అచ్చులో ఉన్నదాంట్లో 56 శాతానికి కుంచించుకుపోతుంది. మార్జిన్లు కత్తిరించి చూసుకుంటే 71 శాతం. 7 అంగుళాల దానిలో కత్తిరించాక 83 శాతం, 7.8లో 92 శాతం. 10.3 అంగుళాల స్క్రీన్‌లో కత్తిరించే పనే లేదు, పేజీ దాదాపు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మార్జిన్లు తీసేస్తే పుస్తకంలో కంటే అయిదో వంతు పెద్దగా వస్తుంది. అరవై దాటినవాళ్లకు 71కీ 120కీ మధ్య ఎంత తేడా ఉంటుందో చెప్పక్కర్లేదు.

రీడర్‌ను అడ్డంగా తిప్పి చదివితే సరిపోతుందిగా అని కొందరంటారు. నిజమే, ఆరంగుళాల దాన్ని అడ్డంగా పెడితే వెడల్పు 4.8 వస్తుంది, అక్షరం పుస్తకంలో కంటే కాస్త పెద్దదే అవుతుంది. కాకపోతే ఒకసారికి పేజీలో 3 అంగుళాల ఎత్తు భాగమే కనిపిస్తుంది. ఒక్కో పేజీకి రెండు మూడు సార్లు జరపాలి. ఇందులో తమాషా ఏంటంటే, పెద్ద స్క్రీన్ కొన్నా ఈ జరపడం తగ్గదు. పాళ్లు అవే కాబట్టి అడ్డంగా పెడితే 7 అంగుళాల దానిలోనూ కనిపించేది ఆ 3 అంగుళాల భాగమే, కాకపోతే ఇంకా పెద్దగా కనిపిస్తుంది. కథలకు ఈ పద్ధతి ఫర్వాలేదు. పద్యం పైన, తాత్పర్యం కింద ఉన్న పుస్తకానికి మాత్రం విసుగు పుడుతుంది, పైకీ కిందకీ తిరగడంతోనే సరిపోతుంది.

ఏ4 సైజు పీడీఎఫ్‌ల సంగతి ఒక్క మాటలో చెబుతాను. పోటీ పరీక్షల మెటీరియల్, ప్రభుత్వ జీవోలు, రెండు కాలమ్‌ల వారపత్రికల స్కాన్లు మీ చదువులో ఎక్కువ భాగమైతే 10 అంగుళాల కంటే తక్కువ దాని జోలికి వెళ్లకండి. అది కూడా ఏ4ను తగ్గించే చూపిస్తుంది.

మరి ఈపబ్‌లు మాత్రమే చదివేవాళ్లకు ఆరంగుళాలు చాలా? ఇంగ్లీషుకైతే హాయిగా చాలు. తెలుగుకు వచ్చేసరికి ఇంకో చిక్కుంది, దీన్ని రివ్యూల్లో ఎవరూ చెప్పరు. మన మాటలు పొడుగు. "చదువుకుంటున్నప్పుడు", "వెళ్లిపోయినందువల్ల" లాంటివి ఒక్కొక్కటే ఇంగ్లీషులో నాలుగు మాటలంత చోటు పడతాయి. అక్షరం పెద్దది చేస్తే ఆరంగుళాల స్క్రీన్‌లో లైనుకు మూడు మాటలు పడతాయి, ఒక్కోసారి రెండే. లైను రెండు పక్కలా సమంగా ఉండేలా సెట్టింగు ఉంటే మాటల మధ్య ఖాళీలు గోదావరి పాయల్లా కనిపిస్తాయి. ఆ సెట్టింగు తీసేసి ఎడమ పక్కకు మాత్రమే సర్దుకోండి, సగం ఇబ్బంది తగ్గుతుంది. అయినా తెలుగు ఎక్కువగా చదివేవాళ్లకు, చిన్న అక్షరాలు కనిపించేవాళ్లకైనా సరే, 7 అంగుళాలే నేను చెప్పే కనీస సైజు.

పెద్దది కొంటే బరువు పెరుగుతుంది, దాన్ని మర్చిపోకూడదు. 2022లో వచ్చిన ఆరంగుళాల మామూలు కిండిల్ 158 గ్రాములు. 2024 నాటి 7 అంగుళాల కిండిల్ పేపర్‌వైట్ 211 గ్రాములు. 2022లో వచ్చిన 10.2 అంగుళాల కిండిల్ స్క్రైబ్ 433 గ్రాములు, కవర్ వేస్తే ఇంకా ఎక్కువ. వెల్లకిలా పడుకుని చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక: నిద్ర మత్తులో చెయ్యి జారితే 158 గ్రాములకు ముక్కు ఊరుకుంటుంది, అరకిలోకు ఊరుకోదు. అంత పెద్దది కొంటే ఒళ్లో పెట్టుకునో, బల్ల మీద వాలుగా నిలబెట్టో చదవాలి. మా నాన్నగారి పడక్కుర్చీకి వెడల్పాటి చేతులు ఉన్నాయి కాబట్టి ఆయనకు తర్వాత కొన్న పెద్దదానికి సరిపోయింది.

రిజల్యూషన్: ఒత్తులకు చోటు కావాలి

పీపీఐ అంటే ఒక అంగుళం పొడవున ఎన్ని చుక్కలు పడతాయన్న లెక్క. 2007లో మొదటి కిండిల్ వచ్చినప్పుడు అది 167. 2012లో మొదటి పేపర్‌వైట్ 212కు వెళ్లింది. 2014లో కిండిల్ వాయేజ్ 300కు చేరింది, ఆ తర్వాత నలుపు తెలుపు రీడర్లు దాదాపుగా అక్కడే స్థిరపడ్డాయి. కొత్తది కొనేటప్పుడు చిన్న, మధ్యస్థ సైజుల్లో 300 తప్పనిసరి అనుకోండి, బేరం లేదు.

ఇంగ్లీషు అక్షరాలకు 167 ఉన్నా నెట్టుకొచ్చేయొచ్చు. తెలుగుకు కుదరదు, కారణం చూడండి. 10 పాయింట్ల అచ్చులో ఒక లైనుకు 167 పీపీఐ స్క్రీన్‌లో దొరికేది నిలువునా 23 చుక్కలు. "స్త్రీ" అని రాయాలంటే ఆ 23 చుక్కల్లోనే పైన దీర్ఘం, మధ్యలో స, కింద తవత్తు, దాని పక్కన రవత్తు అన్నీ ఇరుక్కోవాలి. "రాష్ట్రం", "దారిద్ర్యం" రాసి చూసుకోండి, ఇదే బాధ. ఇక ద-ధ, డ-ఢ, ప-ఫ జంటల మధ్య ఉన్న తేడా అంతా కింద ఉన్న చిన్న గీతే. తక్కువ చుక్కల స్క్రీన్‌లో ఆ గీత అక్షరంలో కలిసిపోతుంది. మనం అలవాటుకొద్దీ సందర్భం చూసి చదివేస్తాం గానీ, అరగంట గడిచేసరికి కళ్లు ఎందుకు అలిసిపోయాయో అర్థం కాదు. 300 పీపీఐలో అదే లైనుకు 42 చుక్కలు వస్తాయి. ఒత్తు ఒత్తులాగే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. 2019 నాటి మామూలు కిండిల్‌లో లైటు ఉంది, చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది, కానీ స్క్రీన్ 167 పీపీఐ. ఆ మామూలు మోడల్ 300కు మారింది 2022లో. "లైటు వెలుగుతోంది కదా, కొత్త మోడలే" అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి, ఏ సంవత్సరం మోడలో అడగండి. వీలైతే "శాస్త్రం" అన్న మాట ఉన్న పేజీ తెరిచి చూపించమనండి.

పెద్ద స్క్రీన్లకు మాత్రం ఈ పట్టుదల కొంచెం సడలించవచ్చు. 10.3 అంగుళాల రీడర్లలో కొన్ని 227 పీపీఐతో వస్తాయి, కొబో అనే ఇంకో కంపెనీ ఎలిప్సా అలాంటిదే. స్కాన్ చేసిన పేజీ అందులో అసలు సైజులోనో ఇంకా పెద్దగానో కనిపిస్తుంది కాబట్టి ఒక్కో అక్షరానికి దొరికే చుక్కలు తక్కువేం కావు. లెక్కకు చూస్తే 300 పీపీఐ ఆరంగుళాల స్క్రీన్‌లో 71 శాతానికి కుంచించిన అక్షరం కంటే, 227 పీపీఐ పెద్ద స్క్రీన్‌లో 120 శాతానికి పెరిగిన అక్షరానికే చుక్కలు ఎక్కువ. 300 ఉన్న పెద్దది దొరికితే తీసుకోండి, ఆ తేడా కోసమే మరీ ఎక్కువ డబ్బు పెట్టకండి. అన్నట్టు, స్కాన్ చేసిన పుస్తకమే అలుక్కుపోయి, అవతలి పేజీ సిరా ఇవతలికి కనిపిస్తుంటే ఏ పీపీఐ కూడా దాన్ని బాగుచేయలేదు. అప్పుడు రీడర్‌లో కాంట్రాస్ట్ పెంచే సెట్టింగు ఉంటే అదే దిక్కు.

పీడీఎఫ్‌ల కోసమే కొంటున్నవాళ్లు కేఓరీడర్ అన్న పేరు గుర్తుపెట్టుకోండి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ అది. కొబో, పాకెట్‌బుక్ రీడర్లలో వేసుకోవచ్చు, మార్జిన్ల కత్తిరింపు, కాంట్రాస్ట్ పెంచడం లాంటివి అందులో బాగుంటాయి. వేసుకోవడానికి కాస్త కంప్యూటర్ పరిచయం ఉండాలి. మన దగ్గర కొబో కిండిల్ అంత సులువుగా దొరకదు, అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్లే ఎక్కువ. అలా తెప్పించుకుంటే రిపేరు సంగతి ముందే ఆలోచించుకోండి.

లైటు: ఉండాలి, దాని గురించి మరీ టెన్షన్ వద్దు

ఫోన్‌లో, ట్యాబ్‌లో వెలుగు స్క్రీన్ వెనక నుంచి మన కళ్లలోకి వస్తుంది. ఈ-రీడర్‌లో స్క్రీన్ అంచున చిన్న ఎల్ఈడీలు ఉంటాయి. పైన పరిచిన పారదర్శకమైన పొర ఆ వెలుగును పేజీ అంతా పంచి, పేజీ మీదకే వేస్తుంది. పేజీ మీద పడి తిరిగొచ్చిన వెలుగే మనకు కనిపిస్తుంది, పుస్తకం మీద టేబుల్ లైటు పడ్డట్టే. అందుకే పట్టపగలు డాబా మీద కూర్చుంటే ఈ-రీడర్‌కు లైటే అక్కర్లేదు, ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనిపిస్తుంది. ఫోన్ అదే ఎండలో అద్దంలా మన మొహాన్నే చూపిస్తుంది.

లైటు లేకుండా వచ్చే రీడర్లు ఇంకా ఉన్నాయి. రీమార్కబుల్ 2 అలాంటిది, రాసుకోవడానికి మంచి పేరున్నదే, లైటు మాత్రం లేదు. రాత్రి రైల్లో అందరూ పడుకున్నాక చదవాలనుకునేవాళ్లు, కరెంటు పోయే ఊళ్లలో ఉండేవాళ్లు అలాంటిది కొని బాధపడొద్దు.

ఎల్ఈడీల సంఖ్య కూడా చెబుతుంటారు. మామూలు కిండిల్‌లో 4, 2021 పేపర్‌వైట్‌లో 17, 2022 స్క్రైబ్‌లో 35. సంఖ్య పెరిగితే వెలుగు పేజీ అంతా సమంగా పరుచుకుంటుంది అన్నది దాని ఉద్దేశం. తొలినాళ్ల లైటు మోడళ్లలో పేజీ అడుగున నీడలు చారలుగా కనిపించేవి. ఇప్పటి వాటిలో 4 ఎల్ఈడీలున్న చిన్న స్క్రీన్ కూడా చదవడానికి ఇబ్బంది పెట్టదు. స్క్రీన్ పెద్దదయ్యేకొద్దీ సమంగా ఉందో లేదో చూసుకోవాలి. కొత్తది రాగానే చీకటి గదిలో ఖాళీ పేజీ తెరిచి, లైటు మధ్యస్థంగా పెట్టి చూడండి. ఒక మూల పసుపుగా, ఇంకో మూల తెల్లగా కనిపిస్తే, వెనక్కిచ్చే గడువు దాటకముందే మార్పించుకోండి.

పసుపు వెలుగు సంగతి వేరే చెప్పుకోవాలి. 2016లో కొబో ఆరా వన్‌లో, 2019లో కిండిల్ ఒయాసిస్‌లో, 2021లో పేపర్‌వైట్‌లో ఈ సౌకర్యం వచ్చింది. ఇప్పుడు సాధారణంగా తెల్ల ఎల్ఈడీల పక్కన పసుపు ఎల్ఈడీలు పెట్టి, రెండింటినీ కావలసిన పాళ్లలో కలుపుతారు. మామూలు కిండిల్‌లో ఇది లేదు. నిద్ర బాగా పడుతుందా లేదా అన్నది డాక్టర్లకు వదిలేద్దాం. నాకు తెలిసిన ఉపయోగం చిన్నది: రాత్రి పక్కన పిల్లలు నిద్రపోతుంటే తెల్ల వెలుగు గదిలో తెలిసిపోతుంది, పసుపు పాలు పెంచి వెలుగు తగ్గిస్తే పాత బుడ్డిదీపంలా ఉండి ఎవరూ లేవరు. రాత్రి చదివే అలవాటు లేనివాళ్లు దీనికోసం అదనంగా పెట్టే డబ్బును సైజు మీద పెట్టండి. అంత ఖచ్చితంగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో ఆ పసుపు వెలుగు ముట్టుకునేది నేనొక్కణ్ణే.

రంగుల స్క్రీన్ ఆశ

పిల్లల పత్రికల పాత సంచికలు రంగుల్లో చదువుకోవాలన్న కోరిక నాకూ ఉంది. కలైడో 3 రకం రంగుల స్క్రీన్లలో నలుపు తెలుపు 300 పీపీఐ ఉన్నా, రంగు వచ్చేసరికి 150కి పడిపోతుంది. కొబో లిబ్రా కలర్ ఈ రకమే. పైన రంగుల వడపోత పొర ఉంటుంది కాబట్టి పేజీ బూడిద రంగులో కాస్త మసకగా కనిపిస్తుంది, పగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తుంది. లైటు వేస్తే బ్యాటరీ త్వరగా అయిపోతుంది. మసక బారిన స్కాన్లు చదివేవాళ్లకు ఇది కోరి తెచ్చుకునే కష్టం. రంగు బొమ్మలు చూడాలంటే ఇంట్లో ఉన్న ట్యాబే నయం.

నన్నడిగితే

ఇంగ్లీషు నవలలు, ఎప్పుడైనా ఒక తెలుగు ఈపబ్, ఎక్కువ ప్రయాణాలు: ఆరంగుళాల 300 పీపీఐ, పసుపు వెలుగు లేకపోయినా ఫర్వాలేదు. తెలుగు, ఇంగ్లీషు సగం సగం, అప్పుడప్పుడు స్కాన్లు కూడా: 7 అంగుళాలది. చాలామందికి ఇదే సరిపోతుంది, డబ్బు విషయంలో ఊగిసలాడేవాళ్లు కూడా ఇక్కడ ఆగొచ్చు. పాత తెలుగు పుస్తకాలే లోకమైతే 10.3, లైటు ఉన్నది. మధ్యలో 7.8, 8 అంగుళాలవి కూడా ఉన్నాయి. బరువు మోయలేం, స్కాన్లు వదల్లేం అనుకునేవాళ్లకు అవి మంచి రాజీ. మన దగ్గర మోడళ్లు తక్కువ దొరుకుతాయి, అదొక్కటే ఇబ్బంది.

డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. పాత క్యాలెండర్ అట్ట తీసుకుని, మీరు అనుకుంటున్న స్క్రీన్ కొలతకు కత్తిరించండి. మీరు చదివే పీడీఎఫ్‌లో ఒక పేజీని ఆ అట్టలో ఇమిడేంత సైజుకు తగ్గించి ప్రింట్ తీసి, దానిమీద అంటించండి. రోజూ కూర్చునే చోట, రోజూ పెట్టుకునే కళ్లజోడుతో ఓ పావుగంట చదవండి. రెండోసారి నాన్నగారికి ఇలాగే మూడు అట్టలు చేసి ఇచ్చాను, 6, 7, 10.3. మొదటిది చూసి పక్కన పెట్టేశారు. రెండోది కాసేపు పట్టుకున్నారు. మూడోది తీసుకుని పేజీ చివరిదాకా చదివి, "తర్వాతి పేజీ ఏదిరా?" అని అడిగారు.